పైట సర్దుకున్న తరువాతే

యూనియన్ వారు ఈ ఏడాది సావనీరుకు ఫోటోగ్రఫీ మీద ఒక వ్యాసం కావాలన్నారు. "ఏ కెమేరా కొనాలో, ఫోటోలు బాగా రావాలంటే ఏం చెయ్యాలో నాలుగు మాటలు వ్రాసివ్వండి సార్, కుర్రాళ్లకి ఉపయోగపడుతుంది" అన్నాడు వచ్చిన విద్యార్థి. ఆ నాలుగు మాటలూ వ్రాస్తాను. వాటితోపాటు అతను అడగని సంగతి కూడా ఒకటి వ్రాయదలచుకున్నాను. అది వార్షికోత్సవాలప్పుడు మనం పెట్టుకునే ఫోటోల పోటీని గురించి. అది కొందరికి రుచించకపోవచ్చు. బహుమతులు పుచ్చుకున్నవాళ్లకి మరీనూ. అలా పుచ్చుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి గనుక, నాకా మాట అనే హక్కు ఉందనే అనుకుంటున్నాను.

మొన్న పోటీకి వచ్చిన ఫోటోలు చూడమని నన్ను పిలిచారు. గోడ పొడుగునా అంటించిన బొమ్మల్లో మనుషులవి ఏరి చూశాను. సగానికి పైగా ముసలివాళ్లే. ముడతలు పడ్డ మొహాలు, బోసినోళ్లు, చేతికర్రలు, బీడీ పొగలో మూసుకున్న కళ్లు. కింద పేర్లు: "జీవన సంధ్య", "నిరీక్షణ", "వార్ధక్యం". అన్నీ రంగు తీసేసి నలుపు తెలుపుల్లోకి మార్చినవే. ముడతలు నాగటిచాళ్లలా కనబడాలని కాంట్రాస్టు పెంచినవే. తీసిన విద్యార్థి పేరు, క్లాసు, రోల్ నంబరు ప్రతి బొమ్మ కిందా ఉన్నాయి. బొమ్మలో ఉన్న మనిషి పేరు మాత్రం ఒక్కదాని కిందా లేదు.

పక్కన నిలబడ్డ కుర్రవాణ్ణి అడిగాను. "ఈవిడెవరోయ్?"

"ఎవరో సార్. రైతు బజారు దగ్గర కూర్చుంటుంది."

"ఆవిడకి చూపించావా ఇది?"

అతను నావంక అదోలా చూశాడు. రిటైరైన వాళ్లకి చాదస్తం సహజమే అనుకున్నాడు కాబోలు. అతన్ని నేను తప్పు పట్టను. 1979లో ఎవరైనా నన్ను ఆ ప్రశ్న వేసి ఉంటే నేనూ అలాగే చూసి ఉండేవాణ్ణి.

అప్పట్లో నేను విశాఖపట్నంలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. సొంత కెమేరా లేదు. మా సీనియరు ఒకాయన దగ్గర యాషికా ఉండేది. పైన ఒక కన్ను, కింద ఒక కన్ను ఉండే రకం. పైదానితో చూడటం, కిందదానితో తీయడం. నూట ఇరవై నంబరు ఫిల్ము వేస్తే పన్నెండు బొమ్మలు. సంక్రాంతి వెళ్లాక నాలుగు రోజులకి, బతిమాలి ఒక్క సాయంత్రానికి ఆ కెమేరా సంపాదించాను. హాస్టలు నుంచి బీచికి దిగే రోడ్డు మలుపులో ఒక ముసలావిడ కాల్చిన తేగలు అమ్ముతూ ఉండేది. వేసవి వస్తే ముంజెలు. మేమందరం ఆవిడ దగ్గర అప్పు పెట్టినవాళ్లమే. "మామ్మా" అనేవాళ్లం. అంతకుమించి పేరు మాకు తెలియదు, తెలుసుకోవాలని తోచనూ లేదు.

నేను కెమేరా తెరిచి ఎదురుగా నిలబడగానే ఆవిడ నవ్వింది. "ఏటి బాబూ, పొటో తీత్తావా? ఉండుండు" అని చేతిలో తేగ కింద పెట్టింది. చేతులకంటిన బూడిద కొంగుకి తుడుచుకుంది. పైట సర్దుకుంది. చెదిరిన జుట్టు వెనక్కి దువ్వుకున్నట్టు అరచేత్తో రాసుకుంది. నిటారుగా కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, తిన్నగా లెన్సులోకి చూసింది.

నేను కెమేరా దించేశాను.

ఎందుకంటే అది "పోజు". పోజు పెట్టిన ఫోటో ఫోటోయే కాదని నేను చదువుకుని ఉన్నాను. మనిషికి తెలియకుండా, మనిషి ఏమరుపాటుగా ఉన్నప్పుడు తీసిందే కళ. పైగా నా దగ్గరున్నవి పన్నెండు బొమ్మలు, అందులో ఆరు అప్పటికే అలల మీదా, తెరచాపల మీదా, చలవ కళ్లద్దాలు పెట్టుకున్న మా రూమ్మేటు మీదా ఖర్చయిపోయాయి. "తీసేశాను మామ్మా" అని అబద్ధమాడి, పక్కనున్న రాయి మీద కూర్చున్నాను. పది నిమిషాలకి ఆవిడ నన్ను మరచిపోయింది. బేరాలు లేవు. చెయ్యి చెంపకి చేర్చుకుని రోడ్డు చివరికి చూస్తూ ఉండిపోయింది. సాయంకాలపు ఎండ ఒక పక్కనుంచి పడుతోంది. అప్పుడు నొక్కాను మీట.

ఆ నెగటివుని మా డార్కురూములో పెద్దది చేసి, నుదురూ గడ్డమూ కత్తిరించి, ఒక కన్నూ, చెంపా, ముడతలు పడ్డ వేళ్లూ మిగిలేట్టు ప్రింటు వేశాను. మిగిలిన సగం మొహం నల్లటి నీడ. పేరు "వార్ధక్యం". అవును, ఆ పేరే. మొదటి బహుమతి వచ్చింది. లెక్చరర్లు మెచ్చుకున్నారు.

ఆ ఏడు వానాకాలంలో, ఓ ఆదివారం, నలభై ఏళ్ల మనిషి హాస్టలు గేటు దగ్గర నాకోసం నిలబడ్డాడు. రిక్షా తొక్కేవాడు. తల గుండు చేయించుకుని ఉన్నాడు. "మా యమ్మ పొటో తమరు తీసినారంట గదా బాబూ" అన్నాడు. తల్లి పోయి పది రోజులైంది. పెద్ద కర్మకి పటం కట్టించాలి. ఇంట్లో ఆవిడ ఫోటో ఒక్కటీ లేదు. గదిలోకి తీసుకెళ్లి నా ట్రంకుపెట్టెలోంచి ప్రింటు తీసి చేతిలో పెట్టాను. చాలాసేపు చూశాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. తరువాత మెల్లిగా అడిగాడు, "మొకం మొత్తం పడ్డది లేదా బాబూ?"

లేదు. నెగటివు మొత్తం వేసి చూశాను, చెయ్యి అడ్డం. ఆవిడ మొహం మొత్తం నాకోసం పెట్టి కూర్చున్న ఆ ఒక్క నిమిషం నేను కెమేరా దించి ఉన్నాను. అతను ఆ ప్రింటునే దినపత్రికలో చుట్టుకుని, దణ్ణం పెట్టి వెళ్లాడు. ఆవిడ పేరు అప్పుడు అతను చెబితే తెలిసింది. ఇక్కడ వ్రాయను. ఆవిణ్ణి అడగలేదు గదా.

ఇది ఒక్క నా అనుభవమే అయితే ఇంత దూరం ఏకరువు పెట్టను. ఫోటోగ్రఫీ చరిత్రలో చాలా పేరున్న బొమ్మల వెనుక కూడా ఇదే కథ ఉంది. 1936లో అమెరికాలో, కాలిఫోర్నియాలోని నిపోమో అనే ఊళ్లో, బఠాణీలు కోసే కూలీల శిబిరంలో డొరోతియా లాంగ్ ఒక 32 ఏళ్ల తల్లిని ఫోటో తీసింది. "మైగ్రెంట్ మదర్" అనే పేరుతో ఆ బొమ్మ ప్రపంచమంతా తిరిగింది. దాన్ని చూసి ప్రభుత్వం ఆ శిబిరానికి ఆహారం పంపింది కూడా. కాదనను. కాని ఆ తల్లి పేరు ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో. అప్పుడు ఆవిడ చెప్పిన సంగతి ఏమిటంటే, తీసినావిడ తన పేరైనా అడగలేదట, కాపీ పంపిస్తానని చెప్పి పంపలేదట. నలభై రెండేళ్లు! అలాగే 1984లో పెషావరు దగ్గర శరణార్థుల శిబిరంలో స్టీవ్ మెకర్రీ తీసిన ఆకుపచ్చ కళ్ల అఫ్ఘాన్ అమ్మాయి. 1985 జూన్‌లో నేషనల్ జాగ్రఫిక్ ముఖచిత్రంగా వచ్చిన ఆ బొమ్మని తెలియనివాళ్లు తక్కువ. ఆ షర్బత్ గులా తన బొమ్మని మొదటిసారి చూసుకున్నది 2002లో, వాళ్లు మళ్లీ వెతుక్కుంటూ వెళ్లినప్పుడు. పదిహేడేళ్లపాటు లోకమంతా చూసిన మొహాన్ని ఆ మొహం గలావిడ చూడలేదు.

మీలో చదువుకున్నవాళ్లు వెంటనే కార్తియే బ్రెసోన్ పేరు ఎత్తుతారని నాకు తెలుసు. 1952లో వచ్చిన ఆయన పుస్తకం పేరే ఇంగ్లీషులో "నిర్ణయాత్మక క్షణం" అని అర్థం వచ్చేలా పెట్టారు. ఆయన తన లైకా కెమేరా మెరవకుండా నల్ల టేపు అంటించుకుని, జనంలో కలిసిపోయి తీసేవాడు. నీటి గుంట మీద నుంచి దూకే మనిషిని 1932లో తీశాడే, అతన్ని ఆపి, "అయ్యా, చొక్కా సర్దుకోండి" అంటే ఆ బొమ్మ ఉండేదా? ఉండేది కాదు. 1984 డిసెంబరులో భోపాల్‌లో విషవాయువుకి పోయిన పసివాణ్ణి మట్టిలో పూడ్చేటప్పుడు రఘు రాయ్ తీసిన బొమ్మకి ఎవరి అనుమతి తీసుకుంటారు? ఆ బొమ్మ లేకపోతే ఆ దారుణం అంతమంది మనసుల్లో అంత కాలం నిలిచేది కాదు. వీధిలో జరిగేదాన్ని, అన్యాయాన్ని, ఊరేగింపుని, లాఠీదెబ్బని అడగకుండానే తీయాలి. అక్కడ అడుగుతూ కూర్చుంటే పని జరగదు. దీనికి నాకేమీ అభ్యంతరం లేదు.

అయితే మన పోటీకొచ్చే ముసలమ్మ బొమ్మలో జరుగుతున్నదేమిటి? ఏమీ జరగడం లేదు. ఆవిడ కూర్చుని ఉంది, అంతే. జరిగేదంతా తీసేవాడి బుర్రలోనే. ఆవిడ ముడతలు ఆవిడ దగ్గరనుంచి తీసుకుని, మనకి తోచిన పేరొకటి తగిలించి, మన రోల్ నంబరు వేసుకోవడానికి "సహజత్వం" అనే మాటని అడ్డం పెట్టుకుంటున్నాం. అసలు పైట సర్దుకోవడం సహజం కాదని ఎవరు చెప్పారు? మన ఇళ్లల్లో ఎవరైనా వస్తున్నారంటే తల దువ్వుకోమూ? నా ఉద్దేశంలో కెమేరా ముందు మనిషి సర్దుకుని కూర్చోవడంలో ఉన్నంత నిజం ఏమరుపాటులో లేదు. నేనిలా కనబడాలి అని మనిషి తనంతట తాను చెప్పేది అప్పుడే.

మన పాత స్టూడియోలవాళ్లకి ఈ సంగతి తెలుసు. రాజా దీన్ దయాళ్ నైజాం కొలువులో ఫోటోగ్రాఫరు. పరదా పాటించే స్త్రీలు నిశ్చింతగా వచ్చి ఫోటో తీయించుకోవాలని 1892లో హైదరాబాదులో జెనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఇంగ్లీషు వనితకి అప్పజెప్పాడు. తాలూకా ఊళ్లలో తాజమహలు పరదా కట్టుకున్న స్టూడియోని మనం వెక్కిరిస్తాం. కాని అక్కడ అద్దం, దువ్వెన, పౌడరు డబ్బా బల్ల మీద పెట్టి ఉండేవి. వచ్చినవాళ్లు ముందు అద్దం చూసుకున్నాకే కెమేరా. "గడ్డం కొంచెం పైకి, కుడిపక్కకి, ఆ... రెప్ప వెయ్యకండి" అనేవాడు స్టూడియో ఆయన నల్లగుడ్డలోంచి. మన తాతల ఫోటోలు బిగుసుకుని ఉంటాయంటాం. ఆ బిగువు కొంత పాత ప్లేట్లకి ఎక్కువసేపు కదలకుండా ఉండాల్సిరావడం వల్ల, కొంత సంవత్సరాల తరబడి ఒక్కసారే వచ్చే అవకాశం కావడం వల్ల. ఇప్పుడు ఇళ్లల్లో ఎవరైనా పోతే ఏం చేస్తున్నారో మీకు తెలుసు. ఆధార్ కార్డు మీది బొమ్మని పెద్దది చేయించి దండ వేస్తున్నారు. ఇంట్లో నాలుగు ఫోన్లు, వాటినిండా వేలకొద్దీ ఫోటోలు. పెద్దావిడ మొహం మొత్తం పడ్డది మాత్రం ఉండదు.

సరే, ఇక అడిగిన నాలుగు మాటలు.

ఏ కెమేరా కొనాలి అంటారా, మీ జేబులో ఉన్నది చాలు. మా చిన్నతనంలో క్లిక్ త్రీ అని ఆగ్ఫావారి డబ్బా కెమేరా ఉండేది. బరోడాలో తయారయ్యేది. ఎండకొక గుర్తు, మబ్బుకొక గుర్తు, అంతే దాని విద్య. మన దేశంలో ఎన్ని కుటుంబాల ఆల్బములు దానితో నిండాయో! ఎవరైనా పాత కెమేరా ఇస్తే మాత్రం వద్దనకండి. తీసుకునే ముందు లెన్సుని దీపానికి ఎదురుగా పట్టి లోపలికి చూడండి. సముద్రం పక్కన ఉన్న మనకి బూజు పెద్ద శత్రువు. సాలెగూడులా తీగలు కనబడితే అది బూజే. తోలు సంచిలో పెట్టి బీరువాలో దాస్తే భద్రమనుకుంటారు, బూజుకి అంతకంటె సుఖమైన ఇల్లు లేదు. గట్టి మూత ఉన్న డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. ఆ పొట్లాలు నెలకోసారి పెనం మీద సన్నని సెగన వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. అన్నిటికంటె మంచి మందు కెమేరాని వాడుతూ ఉండటం.

వెలుతురు సంగతికి వద్దాం. ఇది తెలిస్తే మిగతావి తెలియకపోయినా ఫరవాలేదు. ఫిల్ము రోజుల్లో మీటరు లేనివాళ్లకి ఒక సూత్రం ఉండేది. మంచి ఎండలో ఎఫ్ 16 పెట్టుకుని, ఫిల్ము వేగం ఎంతో షట్టరు అంతలో ఒక వంతు పెట్టాలి. నూరు వేగం ఫిల్ముకి 1/100, కెమేరాలో అది లేకపోతే 1/125. మన బీచి ఇసుక మీద ఎండ ఎదురు కొడుతుంది గనుక ఇంకొక స్టాపు మూయాలి. ఆరుబయట నీడలో అయితే ఎఫ్ 5.6కి తెరవాలి. అంటే ఎండకీ నీడకీ మూడు స్టాపులు, ఎనిమిది రెట్లు తేడా. మన కన్ను ఆ తేడాని సర్దుకుపోతుంది, కెమేరా పోలేదు. అందుకే మధ్యాహ్నం పన్నెండింటికి ఎండలో నిలబెట్టి తీస్తే కళ్లు రెండు గుంటల్లా, ముక్కు కింద నీడ మీసంలా వస్తాయి. మనిషిని అరుగు మీదికో, వసారాలోకో, చెట్టు కిందికో తీసుకురండి. అంతకంటె మంచిది కిటికీ. కిటికీకి మూడు నాలుగడుగుల దూరంలో, ఒక పక్కగా కూర్చోబెట్టండి. దూరం జరిగేకొద్దీ వెలుగు త్వరత్వరగా తగ్గిపోతుంది. దీపం లాంటి చిన్న వెలుగుకైతే రెట్టింపు దూరానికి నాలుగో వంతే అని ఫిజిక్సులో చదువుకున్నారు గదా, పెద్ద కిటికీకి అంత కచ్చితంగా కాకపోయినా ధోరణి అదే. నీడపక్క మరీ నల్లబడితే తెల్ల పంచె ఒకటి కుర్చీ మీద ఆరేసి దగ్గరికి జరపండి. పెద్ద పెద్ద స్టూడియోల్లో వెండి గొడుగులు చేసే పని చాలావరకు ఆ పంచె చేస్తుంది.

ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూమెక్సికోలో హెర్నాండెజ్ అనే పల్లె మీద చంద్రోదయం తీసిన సంగతి నేను క్లాసులో ఎన్నోసార్లు చెప్పాను. పొద్దు కుంకిపోతోంది, మీటరు కనబడలేదు. చంద్రుడి ప్రకాశం ఎంతో ఆయనకి నోటికి వచ్చు. ఆ లెక్క కట్టి ఒక్క ప్లేటు తీశాడు. రెండోది తీద్దామని తిప్పేలోపల సమాధుల మీది వెలుగు పోయింది. అదంతా అదృష్టమంటారు. చంద్రుడి ప్రకాశం కంఠస్థం చేసి పెట్టుకోవడం అదృష్టమెలా అవుతుంది?

దూరం కూడా చూసుకోండి. ఫోను లెన్సు వెడల్పు రకం. రెండడుగుల్లోకి వెళ్లి తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. తప్పు లెన్సుది కూడా కాదు, దగ్గరికి వెళ్లిన మనది. అయిదారడుగుల దూరంలో నిలబడి రెండు రెట్లు దగ్గరికి తెచ్చుకోండి. మనిషి కూర్చుని ఉంటే మీరూ కూర్చోండి. నిలబడి కిందికి తీస్తే ఎంతటివాడైనా యాచకుడిలా కనబడతాడు. ఆ పాత యాషికాలో ఒక మర్యాద ఉండేది: దాన్ని పొట్ట దగ్గర పట్టుకుని, తల వంచి పైనుంచి చూడాలి. తీసేవాడు తీయించుకునేవాళ్లకి తలవంచక తప్పదు. ఆ రోజు నేనూ వంచాను, ఏం లాభం.

ఇంకొకటి, దీని మీద నాకు కోపం ఉంది. మన మొహాలు చాలావరకు చామనచాయ, కొన్ని నలుపు. ఫోటోగ్రఫీ పరికరాలు పుట్టింది మనకోసం కాదు. రంగుల ప్రింట్లు సరిచూసుకోవడానికి కొడాక్ వారు ల్యాబులకి పంపిన "షర్లీ కార్డు" మీద దశాబ్దాలపాటు ఉన్నది తెల్లజాతి స్త్రీ బొమ్మే. ఇప్పుడు ఫోన్లు ఇంకొక అడుగు వేశాయి. తీయగానే అడక్కుండా మొహానికి సున్నం కొట్టి, గీతలు చెరిపి చేతిలో పెడుతున్నవి ఎన్నో ఉన్నాయి. మా రోజుల్లో స్టూడియోవాళ్లు నెగటివు మీద పెన్సిలుతో అదే పని చేసేవారు, అదొక వృత్తి. కాని వాళ్లు డబ్బు తీసుకుని, అడిగితే చేసేవారు. ఫోనులో "బ్యూటీ" అనే దాన్ని ఆపేయండి. తెరమీద మొహాన్ని వేలితో తాకితే వెలుగు దానికి సరిపడా సర్దుకుంటుంది. తరువాత కొద్దిగా తగ్గించండి. నల్లని మొహాన్ని చూసి కెమేరా చీకటనుకుంటుంది, బూడిద రంగు దాకా లాక్కొస్తుంది. ఎండ పడుతున్న సున్నపు గోడ ముందు నల్లని మనిషిని నిలబెట్టకండి, కెమేరా గోడని చూసుకుంటుంది, మనిషిని వదిలేస్తుంది. చెక్క తలుపు, మట్టిగోడ, చెట్టు మొదలు, ఇవి మంచివి. నలుపుకి నిగారింపు పక్కనుంచి వచ్చే మెత్తని వెలుగులో వస్తుంది. కిటికీ పక్కన తీసి చూడండి, ఎంత అందమో తెలుస్తుంది.

డార్కురూము గురించి మొదలుపెడితే నేను ఆగను, కాబట్టి కొంచెమే. మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్సు 2, లీటరు నీళ్లు. డీ 76 డెవలపరు. మగ్గీ పద్యంలా ఇప్పటికీ నోటికి వస్తుంది. ముందు చిటికెడు సల్ఫైట్ వేసి తరువాత మెటాల్ వెయ్యాలి. ద్రావణం 20 డిగ్రీల్లో ఉండాలి, విశాఖలో మే నెల కుళాయి నీళ్లు ఎక్కడ, 20 డిగ్రీలెక్కడ? సోడా కొట్టు నుంచి ఐసుగడ్డ తెచ్చి బేసినులో వేసి, అందులో డబ్బా పెట్టేవాళ్లం. ఊటీలో 1960లో పెట్టిన ప్రభుత్వ కర్మాగారంవారి ఇందు ఫిల్ము వాడేవాళ్లం, ఆ కర్మాగారం ఇప్పుడు మూతపడింది. హైపో సరిగ్గా కడగకపోతే ప్రింటు కొన్నేళ్లకి పసుపు తిరుగుతుంది. కడిగితే మనవల దాకా ఉంటుంది. ఎర్ర దీపం కింద ట్రేలో తెల్లకాగితం మీద మనిషి మొహం మెల్లిగా తేలి రావడం ఒక్కసారైనా చూడనివాళ్ల మీద నాకు జాలి. మళ్లీ ఆ రోజులు రావాలని మాత్రం అనను. ఒక్క నష్టం మాత్రం చెబుతాను. అప్పుడు ఫోటో అంటే కాగితం, చేతికి ఇవ్వగలిగేది. ఇప్పుడు తీసిన ఫోటో తీసినవాడి ఫోనులోనే ఉంటుంది, ఫోను పోతే పోతుంది. అఫ్ఘాన్ అమ్మాయి పదిహేడేళ్లు ఎదురుచూసింది, మన తేగల మామ్మలు ఎంతకాలమని చూస్తారు?

అందుకని యూనియన్ వారికి నా ప్రతిపాదన. వచ్చే ఏడు నుంచి మనుషుల ఫోటో పోటీకి పంపేవాళ్లు, వార్తా ఛాయాచిత్రాల విభాగం మినహాయించి, ఆ మనిషికి ఒక ప్రింటు ఇచ్చామని వ్రాసివ్వాలి. ఆ మనిషి ఒప్పుకుంటే పేరు కింద వేయాలి. ప్రింటు ఖర్చు యూనియన్ పెట్టుకోవాలి, సావనీరులో ఒక ప్రకటన తెస్తే గడిచిపోతుంది. "మేం ఎక్కడని వెతుకుతాం సార్ వాళ్లని?" అంటారు కొందరు. రైతు బజారు దగ్గర కూర్చునే ఆవిడ రేపు కూడా అక్కడే కూర్చుంటుంది. ఎంట్రీలు తగ్గిపోతాయని ఒక మిత్రుడు, లెక్చరరే, నాతో అన్నాడు. తగ్గనీయండి. గోడ మీద ముప్ఫై "జీవన సంధ్య"లు ఉండే చోట ఎనిమిది మొహాలు ఉంటే చూసేవాళ్లకి కూడా సుఖం. ఆ పద్యాల పేర్లు పెట్టడం కూడా మానేస్తే మరీ సంతోషం. కాని అది నిబంధనగా పెట్టమని అడిగేంత కఠినుణ్ణి కాను.

ఈ వ్యాసం వ్రాస్తున్న వారంలోనే మన హాస్టలు మెస్సులో వంట చేసే పెద్దమనిషిని అడిగాను, ఫోటో తీస్తానని. తీస్తానన్నది వంటింటి కిటికీ పక్కన, సాయంత్రం నాలుగింటికి. ఆవిరి, వెలుగు, బ్రహ్మాండంగా ఉంది. ఆయన తన బనీనువంక చూసుకుని, "చొక్కా మార్చుకొస్తానండి" అని వెళ్లాడు. ఇంటికి వెళ్లి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో పెన్ను పెట్టుకుని వచ్చేసరికి నలభై నిమిషాలయింది. కిటికీ వెలుగు పోయింది, ఆవిరీ పోయింది. వరండాలోకి తీసుకొచ్చి, స్తంభం పక్కన నిలబెట్టి తీశాను. బొమ్మ మామూలుగా ఉంది. రెండు ప్రింట్లు వేయించి శుక్రవారం ఇచ్చాను. ఒకటి ఊళ్లో కూతురికి పంపుతానన్నాడు.